ఇంటెల్ కేసు తర్వాత రిబేట్ల మీద రూల్ ఏంటి అసలు?

యూరప్ కాంపిటీషన్ లా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్, ఆర్టికల్ 102 (మార్కెట్‌లో పెత్తనం ఉన్న, అంటే డామినెంట్ కంపెనీ ఆ బలాన్ని దుర్వినియోగం చేయకూడదనే ఈయూ రూల్) దగ్గర బుర్ర తిరిగిపోతోంది. 1979 హాఫ్‌మన్ లా రోష్ తీర్పు చదివితే డామినెంట్ కంపెనీ "మొత్తం నా దగ్గరే కొను, రేటు తగ్గిస్తా" అని లాయల్టీ రిబేట్ ఇస్తే చాలు, అదే దుర్వినియోగం అన్నట్టు ఉంది. 2009లో యూరోపియన్ కమిషన్ ఇలాంటి రిబేట్ల విషయంలోనే చిప్ కంపెనీ ఇంటెల్‌కి 106 కోట్ల యూరోల ఫైన్ వేసింది, 2014లో జనరల్ కోర్టు (ఈయూ కింది కోర్టు) కూడా సరే అంది, తీరా 2017లో పై కోర్టు (కోర్ట్ ఆఫ్ జస్టిస్) ఏమో కంపెనీ ఆధారాలు చూపించి మా రిబేట్ల వల్ల పోటీకి దెబ్బ పడదు అంటే అది పరిశీలించాల్సిందే అని కేసు వెనక్కి పంపింది, 2022లో ఫైన్ ఎగిరిపోయింది, 2024లో కమిషన్ అప్పీలు కూడా పోయింది. (నేకెడ్ రిస్ట్రిక్షన్స్, అంటే పోటీ కంపెనీ చిప్‌లున్న కంప్యూటర్లు ఆపడానికో ఆలస్యం చేయడానికో తయారీదారులకి డబ్బులిచ్చిన ముక్క వేరే, దానికి 2023లో మళ్లీ ఫైన్ వేశారు.)

నా డౌట్ ఏంటంటే, అంతే సమర్థత ఉన్న పోటీదారుడు తట్టుకోగలడా అని చూసే ఏఈసీ టెస్ట్ ఇప్పుడు తప్పనిసరా? గూగుల్ షాపింగ్ తీర్పులో (సెర్చ్‌లో గూగుల్ తన షాపింగ్ సర్వీసునే ముందు చూపించిన కేసు) ఆ టెస్ట్ ప్రతి కేసులో అక్కర్లేదు అన్నారు కదా. మరి కమిషన్ తనంతట తాను ఆ టెస్ట్ చేస్తేనే కోర్టు దాన్ని తవ్వుతుందా, లేక రిబేట్ కేసులన్నిటికీ వర్తిస్తుందా? నాకైతే మొదటిదే కరెక్ట్ అనిపిస్తోంది, తప్పైతే తిట్టకుండా చెప్పండి, సోమవారం సెమినార్‌లో నేనే మాట్లాడాలి.