టమాటా లోడుకు సీఎన్‌జీ పికప్పా, డీజిలా?

మదనపల్లి తమ్ముడు:
అన్నలూ, నేనుండేది బెంగళూరు కేఆర్ పురంలో. వారానికి మూడు రాత్రులు మదనపల్లి యార్డు నుంచి కలాసిపాళ్యం మార్కెట్‌కు టమాటా తోలాలి. ట్రిప్పుకు 25 కిలోల బాక్సులు 50. మిగతా రోజులు సిటీలో చిల్లర కిరాయిలు. బామ్మర్ది సీఎన్‌జీ అంటాడు, మా నాయన డీజిలే అంటాడు. ఆయన ట్రాక్టరు తప్ప ఇంకోటి తోలింది లేదు లెండి.

హోసకోట అన్న:
తమ్ముడూ, రెండూ తోలినా. 50 బాక్సులంటే 1,250 కిలోలు, ఖాళీ బాక్సుల బరువు వేరే. సీఎన్‌జీలో సిలిండర్ల బరువు కూడా మోయాల. మదనపల్లి కంటే బెంగళూరు ఎత్తు, లోడుతో వచ్చేది ఎక్కుడు దిక్కే. డీజిల్ ఇంజను తక్కువ స్పీడులో తిరుగుతున్నా (తక్కువ ఆర్‌పీఎంలోనే) లాగేస్తుంది. సీఎన్‌జీకి గేరు దించుతానే ఉండాల.

బొమ్మనహళ్లి బాబాయ్:
ఒకటి గుర్తుపెట్టుకో అబ్బాయ్. బీఎస్6 డీజిల్‌ని, అంటే కొత్త కాలుష్య రూల్సు బండిని, సిటీ ట్రాఫిక్‌లోనే తిప్పితే డీపీఎఫ్‌లో, అదే పొగలో మసి పట్టే ఫిల్టర్‌లో, మసి పేరుకుంటుంది. హైవే మీద బాగా వేడెక్కితేనే అది కాలేది. నేను డీపీఎఫ్ వార్నింగ్ లైటు వెలిగినా చూసీచూడనట్టు తోలి, సిల్క్ బోర్డు దగ్గర బండి ఈడ్చుకుంటూ పక్కకు పెట్టుకున్నా. వెనక హారన్లు, తిట్లు నాలుగు భాషల్లో! నీకు మూడు రాత్రులు హైవే ఉంది, భయం లేదు.

హోసకోట అన్న:
సీఎన్‌జీకి మూడేళ్లకోసారి సిలిండర్ టెస్టు కూడా ఉంది. సిటీ కిరాయిలే అయితే మాత్రం అదే కొనమందును.

మదనపల్లి తమ్ముడు:
సరే, డీజిలే. మా నాయనకు మాత్రం ఇప్పుడే చెప్పను. నెల దాకా ఊరంతా చాటుకుంటాడు.