యాక్సిడెంట్ స్పాట్‌ల ఎవరి మాట నడవాలె: ఫైరోళ్లదా, 108 వాళ్లదా?

హైవే_చిట్యాల:
వాట్సాప్ గ్రూపులల్ల ఒక వీడియో తెగ తిరుగుతున్నది, చూడనోళ్ల కోసం చెప్తున్న. లారీ పోయి ఆగి ఉన్న ట్రాలీకి గుద్దింది, డ్రైవర్ కాళ్లు డ్యాష్‌బోర్డ్ కింద ఇరికినయి, ఫైరోళ్లు కట్టర్ పట్టుకొని రెడీగ ఉన్నరు, 108 ఈఎంటీ (అంబులెన్స్‌ల ఫస్ట్ ఎయిడ్ చేసే సిబ్బంది) మేడమ్ క్యాబిన్ మెట్టు మీద నిలవడి 'సెలైన్ పెట్టేదాక ఆగుండ్రి' అంటుంటే ఫైర్ జవాన్ 'ముందు నువ్వు దిగమ్మా' అని గద్దిస్తుండు. కామెంట్లల్ల సగం మంది ఆయన్ని తిట్టుడు, సగం మంది ఆమెను తిట్టుడు. నేననేది ఏందంటే ఇద్దర్నీ ఒక్క డిపార్ట్‌మెంట్ కిందికి తెస్తే ఈ లొల్లే ఉండదు. ఫైర్ హోంశాఖ కింద, 108 ఏమో హెల్త్ కింద, అది గూడ సంస్థకు కాంట్రాక్ట్ ఇచ్చి నడిపిస్తున్నరు, మరి రోడ్డు మీద ఇద్దరికీ కలిపి బాస్ ఎవరు? 65 నంబర్ హైవే మీద రోజూ తిరిగేటోన్ని, అందుకే అడుగుతున్న.

ఎల్‌ఎఫ్_రిటైర్డ్_నల్లగొండ:
తమ్మీ, వీడియో ఉన్నదే అర నిమిషం, అంతకుముందు ఏమైందో మనకు కనవడ్తలేదు. నేను లీడింగ్ ఫైర్‌మన్‌గ రిటైరైన. డీజిల్ కారుతుంటది, బ్యాటరీ టెర్మినల్ ఇంకా తియ్యలే, బండి ఒక పక్కకు ఒరిగి ఉంటది, కింద చెక్క దిమ్మెలు పెట్టి కుదుర్చకముందే ఎవరో వచ్చి క్యాబిన్ ఎక్కుతరు. హెల్మెట్ ఉండదు, గ్లౌజులంటే రబ్బర్ గ్లౌజులు. వాళ్లకేమన్న అయితే అడిగేది ఎవర్ని? మమ్మల్నే. మంటలు లేవు గదా అంటరు జనం, మంట లేసేదాక ఆగుతమా మరి? ఇంకోటి, హైవే మీద టెండర్‌ను, అంటే ఫైర్ బండిని, వాలుగ అడ్డం పెట్టేది ఊకెనే కాదు, ఎనక నుంచి నిద్రమత్తుల వచ్చే లారీ గుద్దితే ముందు మా బండికి తగలాలె, మనుషులకు తగలొద్దు అని. 108 పైలట్లు, అంటే డ్రైవర్లేమో, ఆ టెండర్‌కు ఎనకాల, అంటే దెబ్బ తగిలే దిక్కే, తెచ్చి ఆపుతరు. అగ్నిప్రమాదమైతే 1999 ఫైర్ సర్వీస్ యాక్ట్ ప్రకారం మనుషుల్ని అక్కడి నుంచి జరిపే అధికారం మాకున్నది. ఆ మేడమ్‌ను దిగమన్న తీరు మంచిగ లేదు, అది ఒప్పుకుంట, కాని మాట మాత్రం తప్పు కాదు.

ఈఎంటీ_పాలమూరు:
సార్ మీరు పెద్దవాళ్లు, బండి ఎక్కడ ఆపాలన్న మాట వంద శాతం కరెక్టు, మా పైలట్లకు నేను కూడా అదే చెప్తా. కానీ క్యాబిన్ లోపల ఏం నడుస్తదో మీరు చెప్పలేదు, నేను చెప్తా వినండి. డ్యాష్‌బోర్డ్ తొడ మీద బిగుసుకొని ఉన్నప్పుడు ఆ ఒత్తిడికే రక్తం ఆగి ఉండొచ్చు, స్ప్రెడర్ (ఇనుమును ఎడంగ జరిపే మిషన్) పెట్టి లేపిన సెకనే బొళబొళ కారుతది. అందుకే లేపకముందే సెలైన్ లైన్ ఉండాలె, తొడకు పట్టీ రెడీగ ఉండాలె, మెడకు కాలర్ పడాలె. ఇంకా చాలాసేపు నలిగిన కాలైతే వేరే కథ, చితికిన కండల్లోని పొటాషియం అంతా వదిలిన వెంటనే రక్తంలో కలిసి గుండెకు కొడ్తది, అప్పటిదాకా మంచిగ మాట్లాడిన మనిషి బయటికి తీసినంక పోతడు. చూసేటోళ్లు 'అరే మంచిగనే ఉండె గదా' అంటరు. మేము ఏదన్న ఇంజెక్షన్ ఇయ్యాలంటే కాల్ సెంటర్ల ఈఆర్‌సీపీ (ఎమర్జెన్సీ సలహా ఇచ్చే) డాక్టర్‌తోని ఫోన్‌ల మాట్లాడాలె, పక్కనేమో మీ కట్టర్‌ను నడిపే హైడ్రాలిక్ పంప్ ఇంజన్ డబడబ కొట్టుకుంటుంటది. డాక్టర్ ఏం డోస్ చెప్పిండో వినపడదు, ఒక చెవి మూసుకొని అరుస్తుంటం, అది చూసి మేము కొట్లాడుతున్నమని వీడియో తీస్తరు. ఒక్క నిమిషం పంప్ ఆపమంటే 'టైమ్ వేస్ట్ చేస్తున్నవ్' అంటరు.

ఇంకొక విషయం, పేషెంట్‌ను ఎక్కించుకొని బయల్దేరదామంటే మా వెనక టైర్ల వెనకనే నీళ్లెక్కిన హోస్ (ఫైర్ బండి పైపు) పరిచి ఉంటది. దాని మీదికెళ్లి రివర్స్ తీసుకోలేం, హోస్ పగుల్తది. ఆ హోస్ ఖాళీ చేసి జరిపేదాక లోపల పేషెంట్, బయట మేము. ఇది తిట్టుడు కాదు సార్, ఉన్నది చెప్తున్నా.

గద్వాల_కుర్రోడు:
అక్కా నువ్వు చెప్పినంక భయమైతుంది. అందుకే అంటున్న చిట్యాల అన్న చెప్పిందే కరెక్టు, అమెరికాల చూడుండ్రి చాలా ఊర్లల్ల ఫైరోళ్లే పారామెడిక్‌లు, ఒక్కటే యూనిఫాం, ఒక్కడే చీఫ్, కొట్లాటే లేదు.

పాత_లెక్చరర్_మహబూబ్‌నగర్:
కొట్లాట లేదని ఎవరు చెప్పారు నాయనా. న్యూయార్క్‌లో అంబులెన్స్ సర్వీసును ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో కలిపింది 1996లో, ఇన్నేళ్లయినా అంబులెన్స్ సిబ్బంది జీతం ఫైర్‌ఫైటర్ల కంటే తక్కువే, ఆ పంచాయితీ ఇంకా నడుస్తూనే ఉంది. బోర్డు మార్చి ఒక కప్పు కింద పెట్టినంత మాత్రాన ఒకరి పని ఇంకొకరికి తెలిసిపోదు. రూల్స్ రాసుకుంటే చాలు అనేవాళ్లకు కూడా ఒకటి చెప్తాను. బ్రిటన్‌లో పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడూ స్పాట్‌లో కలిసి ఎలా పనిచేయాలో 2012 నుంచే ప్రత్యేకంగా ప్రోగ్రాం పెట్టుకున్నారు. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు, ఫైర్ సిబ్బంది లోపలికి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. మనుషులు లేక కాదు, బండ్లు లేక కాదు, లోపల ఇంకా సాయుధులున్నారేమో అన్న అనుమానంతో దూరంగా ఆగి, పోలీసులతో సమాచారం కలవక అలాగే ఉండిపోయారు. కాగితం మీద మన కంటే వందరెట్లు సక్రమంగా ఉన్న దేశం అది. కాబట్టి శాఖ ఒకటా రెండా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్నే కాదు.

హైవే_చిట్యాల:
సార్ వాళ్ల కథలు మనకెందుకు, ఇక్కడ పర్మనెంట్ నౌకరున్నోడు ఔట్‌సోర్సింగోని మాట ఇంటడా చెప్పుండ్రి? అసలు రోగం అదే. ఒక్క డిపార్ట్‌మెంట్ అంటున్నది అందుకే.

క్రేన్_సూర్యాపేట:
మీరు మీరు కొట్లాడుకోండ్రి, స్పాట్‌కి మొదట వచ్చేది మేము, ధాబా పోరలు 😀 కొన్నిసార్లు మీ ఇద్దరికంటే ముందే గునపాలతోని డోర్ తీసి మనిషిని చేతులు కాళ్లు పట్టి గుంజి ఆటోల ఏసి పంపుడు అయిపోతది. అది తప్పా కరెక్టా నాకు తెల్వదు.

ఈఎంటీ_పాలమూరు:
తప్పే అన్నా. మంట ఉంటే తప్ప గుంజొద్దు, వెన్నుపూస విరిగి ఉంటే గుంజిన దానికే జీవితాంతం మంచాన పడ్తడు. 108కో 112కో కొట్టి, రక్తం కారే చోట గట్టిగ అదిమి పట్టుకొని, మెడ కదలకుండా చూడుండ్రి చాలు. సాయం చేసినోళ్ల మీద కేసులు గీసులు ఉండవు, 2019ల మోటార్ వెహికల్ చట్టం మార్చినప్పుడు 134ఏ సెక్షన్ అందుకే పెట్టిండ్రు.

ఎల్‌ఎఫ్_రిటైర్డ్_నల్లగొండ:
'మంట ఉంటే తప్ప' అన్నవు చూడు బిడ్డా, నా వాదన అంతా గా మాట కాడనే ఉన్నది. మంట ఎప్పుడొస్తదో చెప్పేది ఎవరు? 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున పాలెం దగ్గర ఓల్వో బస్సు కల్వర్టుకు తగిలి అంటుకుంటే 45 మంది లోపలనే కాలిపోయిండ్రు. సెలైన్ పెట్టేంత టైమ్ కాదు, డోర్ దాకా నడిచేంత టైమ్ గూడ దొరకలే వాళ్లకు. భూమి లోపల ఉండే శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌ల 2020 ఆగస్టుల మంటలొస్తే తొమ్మిది మంది పొగకే పోయిండ్రు. అసొంటి సొరంగంలకు బీఏ సెట్ (వీపుకు కట్టుకునే గాలి సిలిండర్, మాస్కు) లేకుండ అంబులెన్సోళ్లను పంపుతమా? పంపం. అక్కడ ఎంత చదువుకున్న డాక్టరైనా బయట నిలవడాల్సిందే, అది నేనే చెప్తా, వాళ్లకు నచ్చకపోయినా సరే.

ఈఎంటీ_పాలమూరు:
అట్లాంటి చోట మేము ఎదురు చెప్పినమా సార్ ఎప్పుడన్న? పొగ, మంట, కరెంటు తీగ, ఒరిగిన బండి, వీటి మీద మీ మాటే. మీరు ఎక్కొచ్చు అని చెప్పేదాక మేము క్యాబిన్ ముట్టం. కానీ ఒక్కసారి మీరు సేఫ్ అన్నంక ఎప్పుడు లేపాలె, ఎంత లేపాలె అన్నది లోపల పేషెంట్ మెడ పట్టుకొని కూర్చున్న మనిషి చెప్పాలె. మధ్యలో మంట లేస్తే మళ్లా మీ మాటే, సెలైన్ పీకేసి అయినా గుంజుకపోండి, నేను అడ్డం రాను. ఆ వీడియోల డీజిల్ మీద ఫోమ్ (మంట లేవకుండ కొట్టే నురగ) కొట్టి ఉన్నది, దిమ్మెలు పెట్టి ఉన్నయి, కనపడ్తనే ఉన్నది. అంటే మీ పని అయిపోయింది, ఇక ఆమె పని నడవాల్సిన టైమ్ అది.

ఎల్‌ఎఫ్_రిటైర్డ్_నల్లగొండ:
ఫోమ్ నేను సరిగ్గ చూడలే, మళ్లా చూస్తా. నువ్వన్నట్టు పంచుకుంటే నాకు ఇబ్బంది లేదు, కాని 'ఎంత లేపాలె' అన్నది మాత్రం కట్టర్ పట్టినోడే చూసుకోవాలె బిడ్డా, ఇనుము ఏ దిక్కు వంగుతదో లోపల కూర్చున్నోళ్లకు తెల్వదు. మీరు 'ఆపు' అంటే ఆపుతం, అంతవరకు ఓకే.

పాత_లెక్చరర్_మహబూబ్‌నగర్:
ఇదే మాట మీరిద్దరూ ఏ స్టేషన్ ఆవరణలోనో నిలబడి, పాత క్యాబిన్ ఒకటి ముందు పెట్టుకుని, నిజమైన కట్టర్‌తో ఒక పూట చేసి చూస్తే స్పాట్‌లో అరుపులు సగం తగ్గుతాయి. అగ్నిమాపక వారోత్సవాలు ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా చేస్తారు కదా, బడి పిల్లలకు సిలిండర్ మంట ఆర్పి చూపించేబదులు ఒక రోజు ఇది పెట్టవచ్చు.

ఈఎంటీ_పాలమూరు:
సార్ మాది 12 గంటల డ్యూటీ, బండి రోజూ నిలిపే జాగ వదిలి డ్రిల్‌కు పోతే ఆ టైమ్‌ల కాల్ వస్తే ఎవరు చూస్తరు? ఆఫ్ రోజు రమ్మంటే వస్తం గానీ దానికి పైసలు ఎవరిస్తరో రాసిస్తే మంచిగుంటది, ఊకె రమ్మంటే ఇద్దరు ముగ్గురే వస్తరు.

క్రేన్_సూర్యాపేట:
క్యాబిన్ కావాలంటే చెప్పుండ్రి, మా యార్డ్ పక్కపొంటి స్క్రాప్‌ల టిప్పర్ క్యాబిన్ ఉన్నది, ఓనర్‌ను అడిగి చూస్త. నల్లగొండ దాకా మోసుడు ఫ్రీనే, డీజిల్ పైసలు మాత్రం ఇయ్యాలె. రిటైర్డ్ సార్, మీ స్టేషనోళ్లను అడుగుతరా మరి?