స్టేషన్ వైఫైలో నెట్ బ్యాంకింగ్: నమ్మదగిన వీపీఎన్ ఏది?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. విజయవాడ స్టేషన్‌లో మూడు గంటలుగా ఇదే పని మీద కూర్చున్నాను. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టడానికి ఈ రాత్రితో గడువు ముగుస్తుంది. స్టేషన్ వైఫైలో బ్యాంకు పనులు చేయకూడదని, తప్పనిసరైతే వీపీఎన్ (మన ఇంటర్నెట్ రాకపోకలను గుప్తంగా మరో సర్వర్ గుండా పంపే సేవ) పెట్టుకోవాలని ఎన్నోసార్లు చదివాను కాబట్టి అలాగే చేశాను. అయినా బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదు. ఒకదాని తర్వాత ఒకటిగా మూడు వీపీఎన్‌లు మార్చినా ఫలితం లేదు. బ్యాంకు పనులకు నమ్మదగిన వీపీఎన్ పేరు ఒక్కటి చెప్పండి, చాలు.

రెండో షిఫ్టు:
వీపీఎన్ తీసేయండి. మొబైల్ డేటా వాడండి.

పాత మోడెమ్:
పేరు చెప్పడం తేలికే గానీ, ఆ పేరును ఎందుకు నమ్మాలో చెప్పకపోతే మీకు మేలు చేసినట్లు కాదు. వీపీఎన్ వేసుకున్నాక మీరు ఏయే సైట్లకు వెళ్తున్నారో వైఫై నడిపేవారికి కనబడదు, కానీ అదంతా వీపీఎన్ సంస్థకు కనబడుతుంది. ఫేస్‌బుక్ చేతిలో ఉన్న ఒనావో ప్రొటెక్ట్ అనే ఉచిత వీపీఎన్ రక్షణ పేరుతోనే ఫోన్లలోకి వచ్చి, ఎవరు ఏ యాప్ ఎంతగా వాడుతున్నారో తన యజమానికి చేరవేసింది. చివరకు 2018లో ఆపిల్ యాప్ స్టోర్ నుంచి, 2019లో ప్లే స్టోర్ నుంచి వెళ్లిపోయింది. మన దేశంలోనైతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడుకరుల పేర్లు, చిరునామాలు, వారికి కేటాయించిన ఐపీల (ఇంటర్నెట్ చిరునామాల) వివరాలను ఐదేళ్లు దాచిపెట్టాలి. దానికి ఒప్పుకోని ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఆ ఏడాదే ఇక్కడి సర్వర్లను తీసేశాయి. నమ్మకానికి నా దృష్టిలో మంచి గుర్తు ముల్వాడ్ అనే వీపీఎన్ సంస్థ ఉదంతం. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సోదా వారంటుతో గోథెన్‌బర్గ్‌లోని దాని కార్యాలయానికి వచ్చి, వాడుకరుల సమాచారం అక్కడ ఏదీ నిల్వ ఉండదని తెలుసుకుని వట్టి చేతులతో వెళ్లారు. దాచనిదాన్ని ఎవరూ పట్టుకుపోలేరు.

కృష్ణాతీరం:
మీరు చెప్పినది విలువైనదే గానీ నాకు ఇప్పుడంత సమయం లేదండీ. నేను ల్యాప్‌టాప్‌లో వేసుకున్న మూడూ ఉచితమైనవే. ఫోన్‌లో డేటా ఉంది, కానీ కాలేజీ ఫీజు పేజీ ఫోన్‌లో సగమే కనబడుతోంది.

కౌంటర్ నంబరు 3:
నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి, మీరు చెప్పని సంగతులు ముందు అడుగుతాను. ఆ వీపీఎన్ మిమ్మల్ని ఏ దేశంలో ఉన్నట్లు చూపుతోంది? పేజీ అసలు రావడం లేదా, లేక పాస్‌వర్డ్ ఇచ్చాక ఆగిపోతోందా? విదేశీ ఐపీల నుంచి, వీపీఎన్‌లవని తెలిసిపోయిన ఐపీల నుంచి వచ్చే లాగిన్‌లను ఎన్నో బ్యాంకులు కావాలనే ఆపేస్తాయి. గంటలో మూడు దేశాల నుంచి ఒకే ఖాతాను తెరవడానికి ప్రయత్నిస్తే, దొంగతనం జరుగుతోందని అనుమానించి ఖాతాను తాత్కాలికంగా లాక్ కూడా చేయవచ్చు. దయచేసి ఇక నాలుగో వీపీఎన్ వేయకండి.

వీపీఎన్ లేకపోతే స్టేషన్ వైఫైలో పాస్‌వర్డ్ బయటపడుతుందన్న అపోహ కూడా తొలగించుకోండి. మీ బ్రౌజర్‌కూ బ్యాంకు సర్వర్‌కూ మధ్య హెచ్‌టీటీపీఎస్ (సైటు చిరునామా మొదట్లో కనబడే https) వల్ల సంకేతీకరణ ముందే జరిగి ఉంటుంది. పక్క బెంచీలో కూర్చున్నవాడు స్టేషన్ వైఫై పేరుతోనే నకిలీ హాట్‌స్పాట్ పెట్టినా, మీరు ఏ బ్యాంకు సైటుకు వెళ్లారో తెలుసుకోగలడే గానీ పాస్‌వర్డునూ బ్యాలెన్సునూ చదవలేడు. మిమ్మల్ని దొంగ సర్వర్‌కు మళ్లిస్తే బ్రౌజర్ సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిస్తుంది. అప్పుడు ‘అయినా కొనసాగించు’ నొక్కకుండా వెనక్కి రావడమే మీరు చేయవలసిన పని.

తెలుగుమాట:
ఒక సవరణ. మీరన్నది సంకేతీకరణ కాదు, గుప్తీకరణ. ‘అ’ అనే అక్షరాన్ని యూనికోడ్‌లో 3077 అనే సంఖ్యగా రాయడం సంకేతీకరణ. ఆ పట్టిక చూసి ఎవరైనా దాన్ని తిరిగి చదవగలరు. తాళంచెవి ఉన్నవారికి మాత్రమే అర్థమయ్యేలా మార్చడం గుప్తీకరణ. ఈ రెంటినీ కలిపేస్తే చదివేవారు మోసపోతారు.

కౌంటర్ నంబరు 3:
గుప్తీకరణే అనుకుందాం. వాడుకలో ఎన్‌క్రిప్షన్ అంటే అందరికీ అర్థమవుతుంది.

పాత మోడెమ్:
అసలు గందరగోళం ఆ మాటలో కాదు, ‘సురక్షితం’ అనే మాటలో ఉంది. మీరు చెబుతున్నది భద్రత, నేను చెబుతున్నది గోప్యత. ఏ సైటుకు వెళ్తున్నారో కూడా ఇతరులకు తెలియకూడదనుకునేవారికి వీపీఎన్ అవసరమే. గుప్తీకరణ సరిగా చేయని యాప్ ఏదైనా ల్యాప్‌టాప్‌లో నడుస్తూ ఉంటే, బయటి వైఫైలో దానికీ వీపీఎన్ రక్షణగా నిలుస్తుంది. కాబట్టి అసలు అక్కరలేదనడం సరికాదు.

కౌంటర్ నంబరు 3:
అక్కరలేదని నేను అనలేదండీ; బ్యాంకు డబ్బుకు అది కాపలా కాదని మాత్రమే అన్నాను. నకిలీ సైటులో మీ చేత్తో మీరే ఓటీపీ కొడితే, అది ఎంత మంచి వీపీఎన్ గుండా వెళ్లినా డబ్బు పోతుంది. బ్రౌజర్ చూపే తాళం గుర్తు నకిలీ సైటుకు కూడా ఉండవచ్చు, ఎందుకంటే అది ఆ చిరునామాతో మాట్లాడే మాటలు బయటివారు చదవలేరని చెబుతుందే తప్ప అవతల ఉన్నది బ్యాంకేనని చెప్పదు. అందుకే రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లు కేటాయించే బాధ్యతను హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీకే అప్పగించింది, బ్యాంకులకు తప్ప మరెవరికీ అవి ఇవ్వరు. చిరునామా పట్టీలో ఆ ముగింపు చూసుకోవడం నా లెక్కలో ఏ వీపీఎన్ కంటే పెద్ద రక్ష.

కృష్ణాతీరం:
నెదర్లాండ్స్ అని చూపుతోంది. అంతకుముందు పెట్టినవి అమెరికా, జపాన్ అనుకుంటాను. పాస్‌వర్డ్ ఇచ్చాకే ఆగిపోతోంది. ఈ వివరం ముఖ్యమని తెలియక రాయలేదు.

రెండో షిఫ్టు:
వీపీఎన్ తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ కలపండి. హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. బ్యాంకు చిరునామా మీరే టైప్ చేయండి, వెతికి వచ్చిన లంకె నొక్కవద్దు.

తెలుగుమాట:
‘లంకె’ అన్నందుకు సంతోషం.

కృష్ణాతీరం:
కట్టేశాను, రసీదు వచ్చింది. రైలు కూడా వచ్చింది. అందరికీ ధన్యవాదాలు.

కౌంటర్ నంబరు 3:
ఇంటికి వెళ్లాక ఆ మూడు ఉచిత వీపీఎన్‌లనూ తీసేసి, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకోండి. ఖాతాలో మీరు చేయని లావాదేవీ కనబడితే వెంటనే బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కూ ఫోన్ చేయండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసాన్ని, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీపై నష్టభారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తర్వులో చెప్పింది.

డల్లాస్ నుంచి:
నాది దీనికి తిరగేసిన సమస్య. ఇక్కడి నుంచి మా ఊరి బ్యాంకు సైటు తెరుచుకోక, డబ్బు కట్టి తీసుకున్న వీపీఎన్‌లో ‘ఇండియా’ ఎంచుకుంటున్నాను. ఆ సర్వర్లు ఇండియాలో లేవని పైన రాశారు కదా, మరి నా రాకపోకలు నిజానికి ఏ దేశం గుండా వెళ్తున్నట్లు?

పాత మోడెమ్:
యంత్రం సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉండి, ఐపీ మాత్రం భారతదేశానిదిగా నమోదై ఉండవచ్చు. మీది ఏ సంస్థ?

డల్లాస్ నుంచి:
పేరు ఇక్కడ రాయవచ్చా? నాకు ఓటీపీ రావడంలో కూడా ఇబ్బంది ఉంది.

రెండో షిఫ్టు:
ఓటీపీ సంగతి వేరు. కొత్త ప్రశ్నగా వేయండి.