లిథియం సెల్ మార్చిన టార్చి కాసేపటికే డిమ్ అవుతోంది, కారణం ఏమై ఉంటుంది?

నమస్కారమండీ. బెంగళూరులో ఉంటాను. చిత్తూరు దగ్గర మా ఊళ్లో నాన్న రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి తీసుకెళ్లే చార్జింగ్ టార్చి ఇది. లోపలి 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉబ్బిపోయింది. దాన్ని తీసేసి, ఎస్పీ రోడ్డులో కొన్న 18650 లిథియం సెల్, దాన్ని చార్జ్ చేసే, చార్జి మరీ తగ్గితే కరెంటు ఆపేసే ప్రొటెక్షన్ ఉన్న టీపీ4056 బోర్డు పెట్టాను.

వేయగానే ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకు మీద అక్షరాలు కూడా చదవొచ్చు. కాసేపటికే వెలుగు సగానికి పడిపోతుంది. ఆరిపోదు, మినుకుమనదు. ఆపి, కాస్త ఆగి వేస్తే మళ్లీ మామూలే.

మల్టీమీటరు పెట్టి చూశాను. వెలుగు తగ్గినప్పుడు సెల్ దగ్గర 3.9 వోల్టులు, ఎల్‌ఈడీ దగ్గర 2.9 మాత్రమే. మధ్యలో ఒక వోల్టు ఎక్కడో పోతోంది. పాత స్లైడ్ స్విచ్చి ముట్టుకుంటే వేడిగా ఉంది, దాని రాగి కాంటాక్టులు నల్లబడ్డాయి. బోర్డే కరెంటు కట్ చేస్తే పూర్తిగా ఆరిపోవాలి కదా, అందుకే నా అనుమానం స్విచ్చి మీదే.

స్విచ్చి తప్పించి డైరెక్టుగా వైరు కలిపి చూడొచ్చా? అప్పుడు కరెంటు పెరిగి ఎల్‌ఈడీ కాలిపోతుందా? పాములు తిరిగే గట్లమ్మట నడవాలి ఆయన, దారి మధ్యలో వెలుగు తగ్గకూడదు. తెలిసినవాళ్లు చెప్పగలరు.