బయటి మట్టిని కాల్చబోమనడం న్యాయమేనా?

పలమనేరు_పిల్ల:
మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. వేసవి సెలవులకు ఊరెళ్లినప్పుడు మా చెరువు మట్టి ఒక బకెట్టు తెచ్చుకున్నా. నానబెట్టి, పాత పంచెలో వడగట్టి, పిసికి, పదకొండు ప్రమిదలూ రెండు గిన్నెలూ చేశా. పది రోజులు ఆరబెట్టి, డబ్బాలో సర్దుకుని, దగ్గర్లో ఉన్న ఒక సెరామిక్ స్టూడియోకి వెళ్లా. మూత కూడా తీయనివ్వలేదు. "మా దగ్గర కొన్న మట్టితో చేసినవే కాలుస్తాం, బయటి మట్టి తీసుకోం" అన్నారు. ఎంతైనా ఇస్తానన్నా వినలేదు. బట్టీ కొనే స్తోమత, పెట్టుకునే చోటు అందరికీ ఉండవు కదా. ఇది మట్టి అమ్ముకునే ఎత్తుగడ కాక మరేమిటి?

ఇందిరానగర్_బట్టీ:
ఎత్తుగడ అనకమ్మా. నాది చిన్న కరెంటు బట్టీ. రెండేళ్ల కిందట ఒకాయన గిన్నె తెచ్చి, స్టోన్‌వేర్ మట్టే (ఎక్కువ వేడికి రాయిలా గట్టిపడే రకం) అన్నాడు. నమ్మి 1220 డిగ్రీలకు కాల్చాను. మర్నాడు చల్లారాక మూత తీస్తే గిన్నె లేదు. బట్టీలో వస్తువులు పెట్టే పలక మీద బెల్లం పాకం గడ్డకట్టినట్టు నల్లటి ముద్ద, అందులో పక్కవాళ్ల కప్పులు రెండు కూరుకుపోయి ఉన్నాయి. ఉలి పెట్టి కొడితే పలకే విరిగింది. ఆ కప్పులు చేసినావిడ ముఖం నాకింకా గుర్తు.

ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. సుమారు 1000 డిగ్రీల్లోనే ఆ మట్టి కాలి గట్టిపడుతుంది, ఇంకా పైకి తీసుకెళితే ఉబ్బుతుంది, కరుగుతుంది. స్టోన్‌వేర్‌కు 1200 దాటాలి. బయటికి రెండూ మట్టే, లోపల రెండు వేరే గుణాలు.

చెరువు మట్టితో ఇంకో తంటా ఉంది. అందులో సున్నపురాయి పలుకులుంటే కాలినప్పుడు సున్నంగా మారతాయి. బయటికి తీశాక గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బి, వారం తర్వాత గిన్నె మీద పెచ్చులు లేపుతాయి. కాల్చినవాళ్లదే తప్పంటారు అప్పుడు.

కుమ్మరింటి_కోడలు:
మీ నష్టం నాకర్థమైంది అక్కా. కానీ చూడకుండా పొమ్మనడం వేరు, చూసి కాదనడం వేరు. రూపాయి బిళ్లంత ముక్క చేసుకు రమ్మని చెప్పొచ్చుగా? దాన్ని కాలిన పాత గిన్నెలో పెట్టి కాలిస్తే, కరిగినా ఆ గిన్నెలోనే కరుగుతుంది, పలక భద్రం. ఆ ఒక్క మాట చెప్పకపోవడమే నాకు అన్యాయంగా ఉంది.

పిల్లా, నువ్వు చేసినవి ప్రమిదలు. వాటికి స్టూడియో ఎందుకు? కంటోన్మెంట్ స్టేషన్ దగ్గర కుమ్మరులుండే పాటరీ టౌన్‌కు వెళ్లు. కట్టెలతో కాల్చే ఆవం మీ మట్టికి సరిపోయే వేడి. పొగ తగిలిన చోట నల్ల మచ్చ పడొచ్చు, నా కంటికి అదే అందం. గ్లేజ్, అంటే గాజులాంటి పూత, లేని గిన్నెలో నీళ్లు చెమరుస్తాయి, కూరలకు పెట్టుకోకు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతా: చవక అని వెళ్లకు. వాళ్ల కుండల మధ్య చోటిస్తున్నారంటే ఆ మేర వాళ్ల సరుకు తగ్గినట్టే. అడిగినంత ఇవ్వు. దసరా దీపావళి ముందు వారాల్లో వెళ్లకు, ఆవం నిండా వాళ్ల ప్రమిదలే ఉంటాయి.

డాబా_డ్రమ్ము:
ఇంత బతిమాలుకోవడం ఎందుకండీ? పాత ఇనుప డ్రమ్ముకు కంతలు చేసి, వస్తువుల చుట్టూ రంపపు పొట్టు కూరి పైనుంచి అంటిస్తే రాత్రంతా నిదానంగా రాజుకుంటుంది. నావి నల్లగా నిగనిగలాడుతూ వచ్చాయి. పుదుచ్చేరిలో 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టిన రే మీకర్ అయితే మట్టితో ఇల్లు కట్టి, ఆ ఇంటినే బట్టీ చేసి కాల్చారు. బట్టీ అంటే కొనుక్కునే పెట్టె ఒక్కటే కాదు.

ఇందిరానగర్_బట్టీ:
బాబూ, అపార్ట్‌మెంట్ డాబా మీద రాత్రంతా పొగ పెడితే పైఅంతస్తులో పసిపిల్లలున్నవాళ్ల గతేంటి? అదీగాక పొట్టు వేడి అంతటా ఒకేలా ఉండదు. సుమారు 600 డిగ్రీలు దాటకపోతే మట్టి మట్టిగానే మిగులుతుంది. మీ ముక్క ఒకటి రాత్రంతా నీళ్లలో వేసి చూడండి, పొద్దునకు మెత్తబడితే అది కాలనట్టే. వంటింటి ఓవెన్ 250 డిగ్రీలతో ఆగిపోతుంది కాబట్టి దాని ఊసే వద్దు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని స్ఫటికం పరిమాణం చటుక్కున మారుతుంది. అక్కడ తొందరపడితే పగుళ్లే. డ్రమ్ములో ఆ తొందరను ఆపేది ఎలా?

కుమ్మరింటి కోడలు అన్నది మాత్రం ఒప్పుకుంటున్నాను. ముక్క తెమ్మని నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇక నుంచి చెబుతాను.

పిల్లా, ఎక్కడికి తీసుకెళ్లినా ముందు వస్తువు అడుగును చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఆ తడి ఆవిరై దారిలేక పేలితే పక్కవాళ్లవీ ముక్కలవుతాయి.

పలమనేరు_పిల్ల:
ఇప్పుడే ఆనించి చూశా. ప్రమిదలు ఫర్వాలేదు. రెండు గిన్నెల అడుగూ చల్లగా తగిలాయి, అక్కడ వేలెడు మందం ఉంది మరి. ఆ రోజు స్టూడియో వాళ్లు తీసుకుని ఉంటే ఇంకెవరివో నా చేతుల మీదుగా పగిలేవి. ఎత్తుగడ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మూత తీసి చూడలేదన్న బాధ మాత్రం అలాగే ఉంది.

గిన్నెలు మళ్లీ నానబెట్టా, పలుచగా చేస్తా. బిళ్లంత ముక్కలు నాలుగు చేసి పెట్టుకున్నా. అక్కా, మీరు సరేనంటే రెండు మీకు తెచ్చిస్తా, సున్నం పలుకులు ఉన్నాయేమో వారం చూద్దాం. మిగతా రెండూ ప్రమిదలూ ఆదివారం పాటరీ టౌన్‌కు తీసుకెళ్తున్నా.

ఇందిరానగర్_బట్టీ:
తీసుకురా. ముక్కల వెనక మేకుతో గీసి ఏ చెరువో రాసిపెట్టు.