ఐస్‌క్రీమ్ యంత్రం లేకుండా పెరుగు, పండ్లతో చల్లని చిరుతిళ్లు: మంచు పలుకులు కట్టకుండా ఎలా?

గుంటూరు వేసవి (ప్రశ్న):

నమస్కారం. మా ఇంట్లో ఎనిమిదేళ్ల అమ్మాయి, మూడేళ్ల అబ్బాయి ఉన్నారు. సెలవులిచ్చినప్పటి నుంచి మధ్యాహ్నం కాగానే ఇద్దరూ పుల్ల ఐసు బండి కోసం గుమ్మంలో కాచుకుని కూర్చుంటున్నారు. బయట అమ్మేవాటిలో ఏ రంగులు, ఏ నీళ్లు వాడతారో తెలియదు కనుక, పెరుగు, మామిడిపండు, అరటిపండు వంటివాటితో ఇంట్లోనే ఏదైనా చేసి పెట్టాలనుకుంటున్నాను. మాది ఒకే తలుపున్న పాత ఫ్రిజ్. పైన చిన్న ఫ్రీజర్ అర మాత్రమే ఉంది. యంత్రం కొనే ఆలోచన లేదు. పెరుగులో మామిడి గుజ్జు కలిపి గిన్నెలో పెడితే పైన మంచు పలుకులు తేలి, అడుగున చెంచా దిగనంత గట్టిగా తయారవుతోంది. చక్కెర వీలైనంత తగ్గించాలని కూడా ఉంది. ఎలాంటి పెరుగు వాడాలో, ఏ పండ్లు నప్పుతాయో, చిన్నవాడికి ఏవి పెట్టవచ్చో అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరు.

పాలకేంద్రం విశ్రాంత ఉద్యోగి:

అమ్మా, ఇబ్బందంతా పెరుగులోని నీటితోనే. మామూలు పెరుగులో నూటికి 85 పాళ్లకు పైగా నీరే ఉంటుంది. అది నెమ్మదిగా గడ్డకట్టేకొద్దీ పలుకులు పెద్దవవుతాయి, త్వరగా గడ్డకడితే నాలుకకు తెలియనంత సన్నగా ఉంటాయి. కంపెనీల యంత్రాలు విపరీతమైన చలిలో ఆపకుండా చిలుకుతూ, కొంత గాలిని కూడా లోపలికి ఎక్కిస్తాయి కనుక వాటిలో ఈ బాధ ఉండదు. ఇంట్లో మనం చేయగలిగింది నీటిని ముందే వీలైనంత తీసేసి, మిగిలినదాన్ని త్వరగా చల్లబరచడమే.

ముందుగా పాలు. టోన్డ్ పాల ప్యాకెట్టులో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉంటుంది. ఈ పనికి రెండోవి తీసుకోండి, లేదా చిక్కని గేదెపాలు తీసుకోండి. పొంగు రాగానే దించేయకుండా సన్నని సెగ మీద మరో పది నిమిషాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేస్తే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఆ వేడికి పాలలోని కొన్ని మాంసకృత్తులు విచ్చుకొని పెరుగు అల్లికలో కలిసిపోతాయి కనుక నీరు తక్కువగా విడుతుంది. తోడుకోగానే, పులుపెక్కకముందే ఫ్రిజ్‌లోకి మార్చాలి. మీ ఊరి ఎండల్లో దీనికి ఎంతోసేపు పట్టదు. తరువాత పలుచని నూలుగుడ్డలో మూటగట్టి, చిల్లుల గిన్నెలో ఉంచి, అడుగున ఇంకో గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లోనే రాత్రంతా వదిలేయండి. కిలో పెరుగుకు సుమారు అరకిలో ముద్ద మిగులుతుంది. మరాఠీలు శ్రీఖండ్ చేసుకునే చక్కా ఇదే. అడుగుకు దిగిన తేటను పారబోయకండి, చపాతీ పిండి కలుపుకోవడానికి అది చాలా మంచిది.

చక్కెర విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించలేను. అది తీపి కోసమే కాదు. నీటిలో కరిగిన చక్కెర వల్ల ఆ నీరు ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకు గాని గడ్డకట్టదు. అందువల్ల ముద్దలో కొంత భాగం గడ్డకట్టకుండా మిగిలి, చెంచాకు లొంగుతుంది. పైగా చల్లని పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. అరకిలో ముద్దకు పావుకిలో మామిడి గుజ్జు కలిపితే 80 నుంచి 100 గ్రాముల చక్కెర పొడి సరిపోతుంది. మరీ తగ్గించి తీరాలంటే రెండు మూడు చెంచాల పాలపొడి కలిపి చూడండి. అప్పుడు కూడా కొంత గట్టిగానే ఉంటుంది కనుక, తినడానికి పది నిమిషాల ముందే బయట పెట్టుకోవలసి వస్తుంది.

ఈ కలిపినదాన్ని ముందే చల్లబరచిన వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, ముప్పావుగంటకొకసారి అంచుల్లో కట్టిన గడ్డను ఫోర్కుతో మధ్యకు లాగి కలుపుతూ ఉండండి. మూడు నాలుగు సార్లయ్యాక బిగువైన మూతగల డబ్బాలోకి ఎత్తి, ముద్దకు తగిలేలా పైన ఒక ప్లాస్టిక్ కాగితం పరవండి. లేకపోతే పైన మంచు పేరుకుంటుంది, పక్కన ఉన్న చేపల వాసన కూడా పట్టుకుంటుంది.

న్యూజెర్సీ తెలుగింటి వంట:

పెద్దవారు చెప్పినదంతా నిజమే కాని, ఒకే తలుపున్న ఫ్రిజ్‌ను ముప్పావుగంటకొకసారి తెరిస్తే ఉన్న కాస్త చలీ బయటికి పోతుంది. అలాంటి ఇంట్లో కలపవలసిన అవసరమే లేని పద్ధతిని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. ఇక్కడ దుకాణాల్లో నీరు తీసిన గ్రీక్ యోగర్ట్ సులువుగా దొరుకుతుంది కనుక నేను దాన్నే వాడతాను. మీరు పైన చెప్పిన ముద్దను వాడుకోవచ్చు. పళ్లెంలో నూనెకాగితం పరచి, కొంచెం చక్కెర పొడి, ఏలకుల పొడి కలిపిన పెరుగు ముద్దను దాని మీద అర సెంటీమీటరు మందాన పూసి, పైన సన్నగా తరిగిన పండ్ల ముక్కలు, పిస్తా పలుకులు చల్లి, రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. గట్టిపడ్డాక చేత్తో విరిచి డబ్బాలో వేసుకోవడమే. పొర పలుచగా ఉండటం వల్ల త్వరగా గడ్డకడుతుంది, పంటికి కూడా సులువుగా విరుగుతుంది. ఒకే ఒక్క లోపం, బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతుంది. పిల్లల చేతికి ఒక్కో ముక్కే ఇవ్వండి, లేకుంటే సోఫా కడుక్కోవలసి వస్తుంది.

గుంటూరు వేసవి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రేపే పాలు కాచి తోడు వేస్తాను. పండ్ల గురించి ఇంకొంచెం చెప్పగలరా? ఇంట్లో అనాస, బొప్పాయి కూడా ఉన్నాయి. విరిచి తినే పద్ధతి నచ్చింది కాని, చిన్నవాడు నమలకుండా మింగేస్తాడేమోనని భయంగా ఉంది.

నూజివీడు తోట:

అనాసను పచ్చిగా పెరుగులో కలపకండి. దానిలోని బ్రొమెలైన్ అనే ఎంజైము పాల మాంసకృత్తులను విడగొట్టడం వల్ల కొంతసేపటికి పెరుగు నీళ్లు విడిచి చేదెక్కుతుంది. ఫ్రీజర్ చలి ఆ ఎంజైము పనిని మందగింపజేస్తుందే తప్ప దాన్ని నాశనం చేయదు. ముక్కలను కొద్దిగా చక్కెరతో ఐదు నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లారాక కలిపితే ఈ ఇబ్బంది రాదు. దోర బొప్పాయిలోనూ, కివీ పండులోనూ ఇలాంటి ఎంజైములే ఉన్నాయి. బాగా ముగ్గిన బొప్పాయిలో ఈ గుణం చాలా తక్కువ కనుక, కలిపిన వెంటనే గడ్డకట్టిస్తే పరవాలేదు.

మామిడిలో ఈ పనికి బంగినపల్లికి సాటి లేదు, ఎందుకంటే దానిలో పీచు ఉండదు, కండ చిక్కగా ఉంటుంది. చిన్నరసాల రుచి గొప్పదే అయినా (మా ఊరి పండు కనుక అనడం లేదు) ఆ రసం పలుచన. జల్లెడలో వడకట్టి, సన్నసెగ మీద సగానికి దగ్గరపడేదాకా మరిగించి, చల్లార్చి కలిపితే మంచు పలుకులు కట్టవు. పుచ్చకాయ ముక్కలను మాత్రం పెరుగులో వేయకండి, అవి దాదాపు నీరే. విడిగా రసం తీసి, నిమ్మరసం పిండి, పుల్ల ఐసు చేసుకుంటే హాయిగా ఉంటుంది.

పెరుగు తోడుకునేదాకా ఆగలేకపోతే అరటిపండు ఉంది. బాగా మచ్చలుపడిన చక్కెరకేళి గాని, అమృతపాణి గాని చక్రాలుగా తరిగి, నల్లబడకుండా నిమ్మరసం అద్ది, ఒకదానికొకటి అంటుకోకుండా పళ్లెంలో పరచి గడ్డకట్టించండి. తరువాత మిక్సీ చిన్న జారులో రెండు చెంచాల పెరుగుతో ఆపి ఆపి తిప్పితే చక్కెర ఏమీ లేకుండానే మెత్తని ముద్ద వస్తుంది. ముక్కలను తీసిన వెంటనే తిప్పకుండా ఐదు నిమిషాలు ఆగితే మిక్సీ మోటారు మీద భారం పడదు.

అమ్మమ్మ వంటిల్లు:

తల్లీ, చిన్నవాడికి ఆ అరటిపండు ముద్దే మంచిది. గడ్డకట్టిన ద్రాక్షపళ్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గాని, ఐదేళ్ల లోపు పిల్లలకు గుండ్రని పండు గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉంది, గట్టిగా ఉంటే అది ఇంకా ఎక్కువ. వాడికి ద్రాక్ష పెట్టేటట్లయితే నిలువుగా నాలుగు ముక్కలు చేసి, మెత్తబడ్డాకే ఇవ్వు. జీడిపప్పు, పిస్తా పలుకులుగా కాకుండా పొడి చేసి చల్లు. పరుగెడుతూ తిననివ్వకుండా ఎదురుగా కూర్చోబెట్టుకో. ఇంటికి ఏడాది నిండని పసిపిల్లలు ఎవరైనా వస్తే, తేనె కలిపినది ఏదీ వాళ్లకు నాకించకు.

పాలకేంద్రం విశ్రాంత ఉద్యోగి:

తలుపు మాటిమాటికీ తెరవడం గురించి న్యూజెర్సీవారు చెప్పినది సబబే. అసలు ఆ అరలో సరిపడా చలి లేదని తేలితే పాత పద్ధతి ఒకటుంది. బకెట్టులో దంచిన మంచు మూడు పాళ్లు, కల్లుప్పు ఒక పాలు తూకం చొప్పున పొరలుగా వేసి, మధ్యలో మూతగల స్టీలు డబ్బాను నిలిపి, డబ్బాను తిప్పుతూ, మధ్యమధ్య మూత తీసి లోపలి ముద్దను గరిటెతో గీకి కలపాలి. ఉప్పు తగిలిన మంచు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది కనుక, మిశ్రమం చలి సిద్ధాంతరీత్యా మైనస్ 21 డిగ్రీల దాకా పోగలదు. మెత్తని ముద్ద అరగంట, ముప్పావుగంటలో సిద్ధమవుతుంది. ఉప్పునీరు లోపలికి పోకుండా చూసుకోవాలి. ఆ మంచును వట్టి చేత్తో పట్టుకోనివ్వకండి, చర్మం మండుతుంది. పిల్లలిద్దరూ వంతులవారీగా డబ్బా తిప్పుతారు కనుక మధ్యాహ్నం ఒక గంట ఇట్టే గడిచిపోతుంది.

ఇంకొక మాట. కరెంటు పోయి ముద్ద పూర్తిగా కరిగితే మళ్లీ గడ్డకట్టించకండి, ఈసారి పలుకులు ఇంకా పెద్దవవుతాయి. ఇంకా చల్లగానే ఉంటే వెంటనే నీళ్లు పోసి లస్సీలా చిలికి తాగించండి. వెచ్చబడి చాలాసేపైతే పారబోయడమే మంచిది.