1838 ఫిలడెల్ఫియా, డబ్బున్న నల్లజాతి కుటుంబం, చదివేది మన టీనేజ్ పిల్లలు: ఈ ప్రేమకథ ఎలా నడపాలి?

చిక్కడపల్లి అక్షర:

అందరికీ నమస్కారం. తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లల కోసం ఒక ప్రేమ నవల రాస్తున్నాను. కథాకాలం 1838, ఊరు అమెరికాలోని ఫిలడెల్ఫియా. అమ్మాయిది బాగా కలిగిన నల్లజాతి కుటుంబం, నాన్నకి ఓడల తెరచాపలు కుట్టే కార్ఖానా ఉంది. అబ్బాయి ఒక బ్యాండులో వయొలిన్ వాయిస్తాడు.

ఆదివారాలు మా వీధి పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చదివి వినిపిస్తుంటాను. ఈ కథ నాలుగు ముక్కలు చెప్పగానే ఒకమ్మాయి, "అప్పుడు వాళ్ళందరూ బానిసలు కదా మేడం, పట్టు గౌన్లు ఎక్కణ్ణించి వస్తాయి?" అని అడిగింది. ఆ పిల్లని ఏమనగలం? నేను తెలుగులో చదివిన నల్లవాళ్ళ కథల్లోనూ సంకెళ్ళు, కొరడాలు, పత్తి చేలే ఎక్కువ. అవి నిజాలు, పిల్లలకి తెలిసి తీరాలి. కానీ అదే దేశంలో, అదే రోజుల్లో జేమ్స్ ఫోర్టెన్ ఉన్నాడు. 1766లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, పుట్టుకతోనే స్వతంత్రుడు. పద్నాలుగేళ్ళకి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఓడెక్కి, బ్రిటిష్ వాళ్ళకి చిక్కి, వాళ్ళ జైలు ఓడలో నెలల తరబడి మగ్గాడు. తర్వాత పనిలో చేరిన తెరచాపల కార్ఖానానే 1798లో తన చేతుల్లోకి తీసుకుని నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ పని ఇచ్చాడు. కూతుళ్ళకి చదువూ సంగీతమూ చెప్పించాడు. నా కథలో నాన్న ఫోర్టెన్ కాదు, కల్పిత పాత్రే. కానీ అలాంటి ఇల్లు నిజంగా ఉండేదని పిల్లలకి నమ్మకం కలగాలి.

చిక్కు ఎక్కడంటే, విందులు, గౌన్లు, డాన్సులు రాస్తుంటే బానిసత్వాన్ని దాచేస్తున్నట్టు ఉంటోంది. దాన్ని తీసుకొస్తే ప్రేమకథ కాస్తా ఏడుపు కథ అయిపోతోంది. తెలిసిన ఎడిటర్ ఒకరు, "మొదటి అధ్యాయంలో చరిత్ర మొత్తం చెప్పేయండి, తర్వాత హాయిగా ప్రేమ రాసుకోవచ్చు" అన్నారు. నాకది మింగుడు పడలేదు. ఆ పిల్లలకి ఒక మంచి ప్రేమకథ దక్కాలి, అందులో అబద్ధం ఉండకూడదు. ఎలాగో చెప్పండి.

తార్నాక మాస్టారు:

అక్షర గారూ, కాలేజీలో చాలా ఏళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ఎడిటర్ మాట వినకండి. ఆ ఇళ్ళలో వైభవం ఒక గదిలో, బానిసత్వం ఇంకో గదిలో ఉండేవి కావు. మీ అమ్మాయి టీ కప్పు దగ్గరే మొదలుపెట్టండి. అందులో చక్కెర వేయాలా వద్దా అన్నది ఆ ఇంట్లో పెద్ద విషయం. బానిసల చేత పండించిన చక్కెర తినం, వాళ్ళ చేత పండించిన పత్తి కట్టం అని పట్టుబట్టినవాళ్ళు అప్పట్లో ఉన్నారు. ఫోర్టెన్ కూతురు హ్యారియెట్, ఆవిడ భర్త రాబర్ట్ పర్విస్ ఆ ఉద్యమంలో ఉన్నవాళ్ళే. వాళ్ళ పెళ్ళి 1831లో అయింది. ఇద్దరూ డబ్బున్న ఇళ్ళవాళ్ళు, ఇద్దరూ పోరాటంలో దిగినవాళ్ళు, పారిపోయి వచ్చిన బానిసలకి ఇంట్లో చోటిచ్చినవాళ్ళు. ఇలాంటి జంట చరిత్రలోనే ఉండగా మీకు దిగులెందుకు? కొత్త గౌను కుట్టించుకునేటప్పుడు ఆ గుడ్డ ఎక్కడిదని మీ అమ్మాయి దర్జీని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నలో మీరు మొదటి అధ్యాయం నిండా చెప్పాలనుకున్న చరిత్రంతా ఉంది. ఖద్దరు కథలు విన్న మన పిల్లలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక ప్రేమ ఎలా పుడుతుందంటారా? ఆ కాలపు నల్లజాతి సంపన్న ఇళ్ళ ఆడపిల్లల దగ్గర ఆల్బమ్‌లు ఉండేవి. మన పదో తరగతి పిల్లలు చివరి రోజుల్లో తిప్పుకునే స్లామ్ బుక్కుల్లాంటివే. తోలు అట్ట పుస్తకం స్నేహితుల చేతులు మారుతూ ఉంటుంది. ఒకరు పద్యం రాస్తారు, ఒకరు రంగులతో గులాబీ వేస్తారు, ఇంకొకరు బానిసత్వం మీద నాలుగు వాక్యాలు రాసి సంతకం పెడతారు. ఎమీ కాసీ అనే ఆవిడ ఆల్బమ్ ఫిలడెల్ఫియాలోని లైబ్రరీ కంపెనీ అనే గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులో సారా మాప్స్ డగ్లస్ వేసిన పూల బొమ్మలు ఉన్నాయి. ఎమీ భర్త జోసెఫ్ క్షురకవృత్తిలో సంపాదించి ఆస్తిపరుడైనవాడు. మీ అబ్బాయి చేతికి ఆ పుస్తకం వచ్చినప్పుడు, ఇంటిల్లిపాదీ చదివే పేజీలో ఆమె ఒక్కదానికే అర్థమయ్యేలా ఏం రాస్తాడు? దాని మీద ఒక అధ్యాయం నిలబెట్టుకోవచ్చు. ఈ వయసు పాఠకులకి అంతకుమించిన శృంగారం అక్కర్లేదు.

అన్నట్టు ఫోర్టెన్ ఇంకో కూతురు సారా మారుపేర్లతో పత్రికలో కవితలు రాసేది. ఆవిడ 1838లో రాబర్ట్ తమ్ముడు జోసెఫ్ పర్విస్‌ని పెళ్ళాడింది. మీరు ఎంచుకున్న ఏడాదే!

ఆ ఏడాది మే నెలని మాత్రం వదలకండి. బానిసత్వ వ్యతిరేకులు చందాలు పోగుచేసి కట్టుకున్న పెన్సిల్వేనియా హాల్ 14న తెరిచారు. 17 రాత్రి అల్లరి మూక దాన్ని తగలబెట్టింది. లోపల సభ జరుపుకున్న ఆడవాళ్ళు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ, చేతిలో చెయ్యి వేసుకుని ఆ గుంపు మధ్య నుంచి బయటికి నడిచారు. అదే ఏడాది పెన్సిల్వేనియా కొత్త రాజ్యాంగం నల్లవాళ్ళకి ఓటు హక్కు తీసేసింది. అంటే మీ అమ్మాయి నాన్న ఎంతమందికి జీతాలిచ్చినా ఓటు వేయలేడు, ఆయన దగ్గర పనిచేసే తెల్లవాడు వేయగలడు. జీతాలిచ్చే రోజున ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడితే గదిలో ఎంత ఇబ్బంది ఉంటుందో, ఆ సన్నివేశం రాయండి. ఉపన్యాసం అవసరం రాదు.

లాలాగూడ జ్యోతి:

అక్షరక్కా, నేను మాత్రం వేరే వైపు నుంచి చెప్తాను. మాది దళిత కుటుంబం. మా తాత రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మా ఇంట్లో హార్మోనియం ఉండేది, గాజు తలుపుల బీరువా ఉండేది, క్రిస్మస్‌కి అమ్మమ్మ కంచి పట్టు కట్టేది. నేను బడిలో చదివిన కథల్లో మాలాంటి వాళ్ళంటే గంజి, గుడిసె, దొర తిట్లు, అంతే. చదివినప్పుడల్లా నాకు మనసులో ఒకటే ఉండేది: మా అమ్మమ్మ బీరువా ఏ కథలోకీ రాదా అని.

ఈ హైదరాబాదులోనే దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టి, బడులు నడిపి, చదువుకున్న, గౌరవంగా బతికే మనుషుల్ని తయారు చేశాడు. ఆ ఇళ్ళలోనూ పెళ్ళిళ్ళు జరిగాయి, ప్రేమలు పుట్టాయి కదా! వాటి మీద మన పిల్లలకి ప్రేమ నవలలు కావాలి. మీ ఫిలడెల్ఫియా అమ్మాయి ఆ దారి తెరిస్తే నాకు సంతోషం.

అందుకని రెండు మాటలు. ఆ అమ్మాయి సంతోషంగా ఉన్న పేజీల్లో ఆమెని సంతోషంగానే ఉండనివ్వండి. ప్రతి పండగ వెనకా ఒక చావు పెట్టొద్దు. ఇంకోటి, "నలుపే అయినా కళగల మొహం" లాంటి వాక్యం ఎంత అలవాటుగా వచ్చినా దయచేసి రాయొద్దు. అబ్బాయి ఆమెని చూసి అందంగా ఉందనుకున్నాడు, అంతే. "అయినా" ఎందుకు? నా కూతురు ఆ పేజీ చదువుతుంది.

చివర్లో పెళ్ళి జరగాలి. అది మాత్రం ఖచ్చితంగా.

కూకట్‌పల్లి ఇంటర్ సెకండియర్:

మేడం, మీరు రాసేది మా కోసమే కాబట్టి చెప్తున్నా. మొదటి అధ్యాయంలో చరిత్ర పాఠం వస్తే మేం పేజీలు తిప్పేస్తాం. ఆ స్లామ్ బుక్ సంగతి సూపర్‌గా ఉంది. కానీ వాళ్ళిద్దరికీ గొడవ ఎందుకు అవుతుంది? ఊరికే అపార్థం అంటే నాకు చిరాకు. నిజంగా ఎవరిది కరెక్టో తేల్చుకోలేని గొడవ కావాలి.

చిక్కడపల్లి అక్షర:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. జ్యోతి గారూ, మీ అమ్మమ్మ బీరువా గురించి మా ఆదివారం పిల్లలకి చదివి వినిపిస్తాను. పెళ్ళి జరుగుతుంది, మాటిస్తున్నాను.

చెల్లెమ్మా, నీ ప్రశ్నకి జవాబు ఫ్రాంక్ జాన్సన్ దగ్గర దొరికినట్టుంది. ఆయన ఫిలడెల్ఫియాలో పేరుమోసిన నల్లజాతి బ్యాండ్‌మాస్టర్, స్వరకర్త. 1837లో తన బృందాన్ని ఇంగ్లండుకి తీసుకెళ్ళి కచేరీలు చేశాడు. అలాంటి బ్యాండులు తెల్ల ధనవంతుల డాన్సులకి వాయించేవి. వేసవిలో సారటోగా లాంటి విడిది ఊళ్ళకి వెళ్ళేవి, అక్కడికి దక్షిణాది తోటల యజమానులూ వచ్చేవాళ్ళు. మా అబ్బాయి వయొలిన్‌కి పడే డబ్బులు బానిసల్ని ఉంచుకున్నవాళ్ళ జేబుల్లోంచి వస్తాయి. చక్కెర కూడా ముట్టని అమ్మాయి నాన్న ఈ సంబంధానికి ఒప్పుకుంటాడా? గొడవ అక్కడ పెడతాను.

మాస్టారూ, అబ్బాయి దగ్గర దీనికి గట్టి జవాబు ఏదైనా ఉంటుందా? ఉత్త బతిమాలుకోవడమే అయితే కథ ఒకవైపే మొగ్గుతుంది.

తార్నాక మాస్టారు:

ఉంటుందమ్మా. తెరచాపలు ఎక్కువగా అవిసె నార గుడ్డతో కుట్టేవాళ్ళు కానీ, ఆ దశాబ్దాల్లో అమెరికాలో పత్తి గుడ్డ కూడా వాడకంలోకి వస్తోంది. ఫోర్టెన్ బానిసల్ని మోసే ఓడలకి పని చేయనన్నాడని చెబుతారు. మీ కథలో నాన్నా అలాగే అంటాడనుకోండి. మరి పత్తి మోసే ఓడల మాటేమిటి? రేవులో అవీ ఉన్నాయి కదా. అబ్బాయి తిట్టనక్కర్లేదు. కార్ఖానాలో పరిచి ఉన్న గుడ్డ అంచు పట్టుకుని, "ఇది ఏ నార అండీ?" అని మర్యాదగా అడిగితే చాలు. ఆ పక్కనే సూది పట్టుకుని కూర్చున్న పనివాళ్ళు తలెత్తి చూస్తారు. పెద్దాయన ఏం జవాబిస్తాడో మీరే రాయాలి.